తైవాన్ పాటలు వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

తైవాన్ సంగీతమంటే చైనా పాటలేనా, ఏం వినాలి అని అడిగారు. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు తైవాన్‌లోని శిన్‌చూ నగరంలో ఉన్నాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

మాండరిన్ పాప్ మీకు యూట్యూబ్‌లో ఎలాగూ దొరుకుతుంది, టెరెసా టెంగ్ దగ్గర్నుంచి జే చౌ దాకా. కానీ మా ఆఫీసులో పెద్దవాళ్లు కరవోకేకి వెళ్తే మైకు చేతికి రాగానే తైవానీస్ హొక్కియెన్ అనే స్థానిక భాష పాటలే ఎత్తుకునేవారు. 1987 దాకా ఉన్న మార్షల్ లా (సైనిక శాసనం) కాలంలో రేడియో, టీవీల్లో ఆ భాష పాటల మీద ఆంక్షలు ఉండేవి. ఇంట్లో పెరిగిన పాటలు కదా, అందుకే అంత ప్రేమగా పాడతారనిపించేది నాకు. 1930లలో తెంగ్ యూశియెన్ కట్టిన బాణీలు ఇప్పటికీ అందరికీ వచ్చు.

నన్నడిగితే మాత్రం ఆదివాసీల పాటలతో మొదలుపెట్టండి. బునున్ తెగ మగవాళ్లు కొర్రపంట బాగా పండాలని చేసే ప్రార్థన ఒకటుంది, గుండ్రంగా నిలబడి, ఒకరి వీపు వెనక ఒకరు చేతులు పెనవేసుకుని, కింది స్థాయిలో ఎత్తుకుని స్వరాన్ని కొంచెం కొంచెంగా పైకి తీసుకెళ్తారు, మాటలుండవు, వాయిద్యాలుండవు, అన్ని గొంతులు కలిసి గదంతా నిండిపోతుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

అమిస్ తెగ పాట మీరు తెలియకుండానే విని ఉంటారు. ఎనిగ్మా అనే జర్మన్ సంగీత బృందం వాళ్ల "రిటర్న్ టు ఇన్నోసెన్స్" పాటలో వినిపించే ఆ పెద్దాయన గొంతు తైవాన్ ఆగ్నేయాన ఉన్న తైతుంగ్‌కు చెందిన అమిస్ రైతు దిఫాంగ్‌ది. 1988లో ఫ్రాన్స్‌లో రికార్డయిన ఆయన పాటని పేరు కూడా వేయకుండా వాడుకున్నారు, 1996 అట్లాంటా ఒలింపిక్స్ ప్రచారంలోనూ అది మోగింది. ఆయన కోర్టుకెళ్లాక 1999లో రాజీ కుదిరింది. ఈ సంగతి తెలిశాక ఆ పాట వింటే నాకిప్పటికీ కోపం వస్తుంది. పాడినవాళ్ల పేరు వేయడానికి కోర్టు దాకా వెళ్లాలా!

ఇప్పటివాళ్లలో అబావ్ అనే గాయనిని వినండి. పైవాన్ అనే ఆదివాసీ తెగ భాషలో ఎలక్ట్రానిక్, ఆర్ అండ్ బీ కలిపి ఆమె చేసిన ఆల్బమ్‌కి 2020లో తైవాన్ సంగీత పురస్కారాలైన గోల్డెన్ మెలొడీ అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్‌గా బహుమతి వచ్చింది. భాష అర్థం కాకపోయినా డాన్స్ చేయాలనిపిస్తుంది.

వెళ్లే వీలుంటే జూలై, ఆగస్టుల్లో హువాలియెన్, తైతుంగ్ వైపు అమిస్ ఊళ్లలో పంట పండగలు జరుగుతాయి. ఫోన్ తీసి రికార్డు చేసేముందు మాత్రం ఊరివాళ్లని అడగండి.