ఉప్పుకూ నరాలకూ సంబంధం ఏమిటి? మా బాపు విషయంలో తెలుసుకున్నది

ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు చేరి బీపీ పెరుగుతుందని విన్నామని, మరి డాక్టరు నరాల ప్రస్తావన ఎందుకు తెచ్చారని మీరు అడిగారు. నీరు చేరడం నిజమే, కానీ అంతటితో అయిపోదు.

మెదడులో దాహం, ఆకలి లాంటివాటిని చూసుకునే హైపోథలామస్ అనే భాగాన్ని ఆనుకొని, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డుపొర లేని చిన్న చోట్లు కొన్ని ఉన్నాయి. రక్తంలో సోడియం కొద్దిగా పెరిగినా అక్కడి కణాలు పసిగడతాయి. తొక్కు తిన్నాక దాహం వేసేది వీటివల్లనే. అవి పంపే సంకేతం హైపోథలామస్ మీదుగా మెదడు అడుగున ఉండే మజ్జాముఖానికి చేరి, అక్కడి నుంచి మన ప్రమేయం లేకుండానే పనిచేసే సహానుభూత నాడుల వెంట రక్తనాళాలకు, గుండెకు, మూత్రపిండాలకు వెళ్తుంది. దాంతో నాళాలు బిగుసుకుంటాయి, మూత్రపిండాలు సోడియాన్ని బయటికి పోనీయక పట్టి ఉంచుతాయి. ఇందులో చాలా సంగతులు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో తేలినవే. ఉప్పు పడే వాళ్లలో, అది ఎక్కువైనప్పుడు ఈ నాడుల జోరు తగ్గి, నాళాలు వదులై, బీపీ పెద్దగా మారదు. పడని వాళ్లలో ఆ జోరు తగ్గవలసినంత తగ్గదు. అమెరికాలో లూయిస్ డాల్ అనే పరిశోధకుడు 1960లలో ఒకే ఉప్పు మేతతో బీపీ పెరిగే ఎలుకలను, పెరగని ఎలుకలను వేర్వేరు వంశాలుగా పెంచి, ఈ తేడా పుట్టుకతోనే వస్తుందని చూపించాడు. ఈ సహానుభూత నాడులు కాళ్లు చేతులు తిమ్మిరెక్కించే నరాలు కావు కనుక, నరాల బలానికని అమ్మే మాత్రలతో దీనికి పని లేదు.

పరకాల దగ్గర మా ఊళ్లో బాపు పొద్దున అంబలిలో ఉప్పు కలుపుకొని, నంజుకునే ఉల్లిగడ్డను మళ్లీ ఉప్పులో అద్దుకొని తినేవాడు. రెండు పూటలా మామిడికాయ తొక్కు ఉండాల్సిందే. మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నా పై అంకె 160 దిగలేదు. "ఉప్పు లేని బువ్వ ఎట్ల తినాలె బిడ్డా" అన్నాడు. పూర్తిగా మానమని మేము అనలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలంటుంది. తలకొట్టి కొలిస్తే దాదాపు ఒక టీ చెంచా. అమ్మ ఆయన వంతు ఉప్పును, చెంచాకు కొంచెం తక్కువగా, పొద్దున్నే ఒక చిన్న స్టీలు డబ్బాలో పోసి పెట్టేది. ఆయన కూరలోకైనా అంబలిలోకైనా అందులోంచే తీయాలి. తొక్కు వారానికి రెండుసార్లకు తగ్గింది. మొదటి పది రోజులు ఆయన సగం కంచం వదిలేసి లేస్తుంటే నాకు కడుపు తరుక్కుపోయింది. నాలుగు వారాలకు నాలుక అలవాటు పడింది, రెండో నెలలో పై అంకె 140 దగ్గరికి వచ్చింది. మాత్రలు మాత్రం ఆపలేదు.

దొడ్డుప్పు, గులాబీ రంగు ఉప్పు వాడితే సోడియం తగ్గుతుందనుకోకండి, అవీ దాదాపు సోడియం క్లోరైడే. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు కొనే ముందు మాత్రం డాక్టరును అడగండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు, కొన్ని రకాల బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది.