కుడి సీటుకు పిలుపు: విదేశీ పైలట్ ఉద్యోగాలపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

(దేశీయ సంస్థల్లో పద్దెనిమిదేళ్లు, గల్ఫ్‌లో పదకొండేళ్లు విమానాలు నడిపి విశ్రాంతి తీసుకుంటున్న ఒక కెప్టెన్ ఈ నెల ఉత్తరాలకు జవాబులిచ్చారు.)

ప్రశ్న: నాకు ముప్పై నాలుగేళ్లు. హైదరాబాద్ బేస్‌గా ఒక దేశీయ విమానసంస్థలో ఎయిర్‌బస్ ఎ320 కెప్టెన్‌గా పనిచేస్తున్నాను. మొత్తం 5,400 గంటలు ఎగిరాను. యూఏఈలోని ఒక సంస్థ పెద్ద విమానాలపై ఫస్ట్ ఆఫీసర్ (కోపైలట్) ఉద్యోగం ఇస్తామంటోంది. జీతంపై పన్ను లేదు, ఇల్లు వాళ్లే ఇస్తారు, పాప ఫీజులో చాలా భాగం వాళ్లే కడతారు. నా భార్య హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తోంది, పాపకు ఐదేళ్లు, అమ్మానాన్నలు తెనాలిలో ఉంటారు. నెలనెలా మిగిలే డబ్బు చూస్తే వెళ్లాలనే ఉంది. కానీ కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు వదిలి మళ్లీ కోపైలట్ కుడి సీటులో కూర్చోవడం తెలివితక్కువ పని అవుతుందా?
- పేరు ప్రచురించవద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తెలివితక్కువ పని కాదు గానీ, మీరు వేసుకున్న లెక్క సగమే. చేరిన నెలలో చేతికొచ్చే మొత్తం మీ ఉత్తరంలో ఉంది. ఆ ఉద్యోగం విడిచే రోజున ఏం మిగులుతుందన్నది లేదు. ఒప్పంద పత్రాన్ని చివరి పేజీ నుంచి వెనక్కి చదవమని నన్ను అడిగిన ప్రతి కుర్ర పైలట్‌కూ చెబుతూ వచ్చాను, మీకూ అదే చెబుతున్నాను.

ముందు ఇక్కడి సంకెల సంగతి చూద్దాం. 2017 ఆగస్టులో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నోటీసు గడువును పెంచింది. దాని ప్రకారం కమాండర్ (కెప్టెన్) 12 నెలల ముందు, కోపైలట్ 6 నెలల ముందు రాజీనామా నోటీసు ఇవ్వాలి. పైలట్లు దీన్ని కోర్టులో సవాలు చేసినా, మీ సంస్థ మాత్రం ఆ నిబంధననే మీ ముందు పెడుతుంది. కాబట్టి గల్ఫ్ సంస్థ మీకోసం ఏడాదిపాటు ఆగుతుందా, చేరే తేదీని రాతపూర్వకంగా ఇస్తుందా అని తేల్చుకోకుండా ఇక్కడ రాజీనామా పెట్టకండి. ఈ సంస్థకు మీరు ఇంకా శిక్షణ బాండ్ బాకీ ఉంటే, దాని తేదీ కూడా ఇదే కాగితం మీద రాసుకోండి.

ఇక సీట్ల విషయం. డాక్టరుకు ఆసుపత్రి మారినా అనుభవం వెంట వస్తుంది. పైలట్‌కు గంటలు వెంట వస్తాయి గానీ సీనియారిటీ రాదు. రేపు మీకంటే వెయ్యి గంటలు తక్కువ ఎగిరినవారైనా మీకంటే ఒక నెల ముందు చేరి ఉంటే కమాండ్‌లోనూ (అంటే కెప్టెన్ పదవిలోనూ), సెలవుల్లోనూ, చాలాచోట్ల ఇంటి కేటాయింపులోనూ వారిదే ముందు వరస. కమాండ్ ఎన్నేళ్లకు వస్తుందన్నది ఇంటర్వ్యూలో నోటిమాటగా చెబుతారే తప్ప ఒప్పందంలో రాయరు. అది కొత్త విమానాలు ఎన్ని వస్తాయన్న దానిమీద ఆధారపడే విషయం. ఆ మధ్యకాలంలో మీ లాగ్‌బుక్‌లో కమాండర్‌గా గంటలు ఒక్కటీ చేరవు.

పని తీరు కూడా వేరు. ఇవాళ మీరు రోజుకు మూడు నాలుగు సెక్టార్లు (ఒక ఊరి నుంచి మరో ఊరికి ప్రయాణాలు) ఎగిరి చాలా రాత్రులు ఇంటికి చేరుకుంటున్నారు. అక్కడ నెలలో నాలుగైదు దూర ప్రయాణాలు ఉండవచ్చు. ఒక్కో విమానంలో నలుగురు పైలట్లు వంతులవారీగా కూర్చుంటారు, విమానాన్ని దింపేది మాత్రం ఒకరే. 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగ్‌లు పూర్తికాక, ఆ లెక్క కోసమే సిమ్యులేటర్‌కు వెళ్లే పైలట్లు పెద్ద విమానాల్లో ఉంటారు. చేతితో నడపడం ఇష్టపడే మనిషికి ఇది కష్టంగా ఉంటుంది. నాకైతే కష్టంగానే ఉండేది. మరోవైపు, రుతుపవనాల్లో పాట్నాకో అగర్తలాకో రోజంతా తిరిగిన వెన్ను ఆ దూర ప్రయాణాల్లో కొంత తేరుకుందని కూడా ఒప్పుకోవాలి.

డబ్బు గురించి మూడు విషయాలు చూసుకోండి. మొదటిది, ఆ జీతంలో బేసిక్ ఎంత అన్నది. 2022 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన అక్కడి కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగం ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తర్వాత ఏడాదికి 30 రోజుల బేసిక్ చొప్పున ఉంటుంది. మీరు చూసి సంబరపడిన మొత్తంలో ఇంటి భత్యం, ఎగిరిన గంటల భత్యం కలిసి ఉంటే అవేవీ ఈ లెక్కలోకి రావు. దీనికి బదులు భవిష్యనిధి పెట్టే సంస్థలూ ఉన్నాయి. మీకు వర్తించేది ఏదో అడగండి. రెండోది, వెళ్లే నెల. మన పన్ను లెక్కలో ఏడాది ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఉద్యోగం కోసం దేశం విడిచే పౌరుడు ఆ ఏడాది ఇక్కడ 182 రోజులు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే నివాసి కిందే లెక్క, అప్పుడు ఆ ఏడాది గల్ఫ్ జీతం కూడా ఇక్కడి పన్నులోకి వస్తుంది. అంటే సెప్టెంబరు 28లోగా బయలుదేరడానికీ, దసరా చూసుకుని వెళదామనుకోవడానికీ మధ్య లక్షల తేడా ఉండవచ్చు. మూడోది, వెళ్లిన తర్వాత మీ మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా (ప్రవాస భారతీయుల ఖాతాగా) మార్పించుకోవడం. చాలామంది దీన్ని ఏళ్లతరబడి మరచిపోతారు.

చివరి పేజీ ఎందుకు ముందు చదవమన్నానో చెబుతాను. 2020 మార్చిలో విమానాలు నిలిచిపోయాయి. జూన్‌లో ఒక మధ్యాహ్నం నేను పనిచేసిన సంస్థ నుంచి మెయిల్ వచ్చింది, నా ఉద్యోగం పోయింది. అక్కడ నివాస వీసా ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. అది రద్దయ్యాక ఇచ్చిన కొద్ది వ్యవధిలోనే ఇంటి అద్దె కోసం ముందే రాసిచ్చిన చెక్కులు, కారు అప్పు, చిన్నవాడి స్కూలు, సామాను అన్నీ తేల్చుకోవాల్సి వచ్చింది. పదకొండేళ్లు ఆ దారిలో విమానం నడిపినవాణ్ని, విదేశాల్లో చిక్కుకున్న మనవాళ్లను తెచ్చిన వందే భారత్ మిషన్ విమానంలో మాస్కు పెట్టుకుని ప్రయాణికుడిగా శంషాబాద్‌లో దిగాను. ఆ సంస్థ ఒప్పందాన్ని మీరలేదు. నేనే ఆ పేజీ చదవలేదు.

అందుకని ఒక పని చేయండి. ఏడాది ఇంటి ఖర్చు విడిగా దాచిన తర్వాతే కదలండి. మీ భారతీయ లైసెన్స్‌ను చావనివ్వకండి. దాని కాలపరిమితిని 2023లో పదేళ్లకు పెంచారు గానీ, వైద్య పరీక్ష, విమానం రేటింగ్‌కు (ఒక రకం విమానం నడిపే అర్హతకు) సంబంధించిన పరీక్షలు వేళకు జరగకపోతే ఆ లైసెన్స్ ఉన్నా లేనట్టే. మీ శ్రీమతి తన ఉద్యోగాన్ని ఒక ఏడాదైనా దూరం నుంచి కొనసాగించగలరేమో ఆమె సంస్థను అడిగి చూడమనండి, ఎందుకంటే ఆ ఒక్క జీతం మీ కుటుంబానికి ఏ బీమా కంటే మెరుగైన బీమా. ఇవన్నీ కుదిరి, ఖండాలు దాటే విమానం నడపాలన్న కోరిక కూడా నిజంగా ఉంటే వెళ్లండి. డబ్బు ఒక్కటే కారణమైతే, కమాండ్ చేతిలో ఉన్న ముప్పై నాలుగేళ్ల మనిషిని నేను వెళ్లమనను.

ప్రశ్న: మావారు దుబాయ్‌లో పైలట్. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరు. మా అబ్బాయి నాలుగో తరగతి. ఇంగ్లిష్, హిందీ, అరబిక్ చదువుతున్నాడు గానీ తెలుగు చదవడం రాదు. రెండు మూడేళ్లలో హైదరాబాద్ తిరిగి రావాలనుకుంటున్నాం. ఏటా సంక్రాంతికి రాలేదని మా అత్తగారు నొచ్చుకుంటున్నారు.
- ఒక గృహిణి, దుబాయ్

జవాబు: అమ్మా, తెలుగు విషయం వాయిదా వేయకండి. తెలంగాణ 2018లో చేసిన చట్టం ప్రకారం అక్కడి పాఠశాలల్లో పదో తరగతి దాకా తెలుగు బోధన తప్పనిసరి, సీబీఎస్‌ఈ బడులకూ ఇది వర్తిస్తుంది. బయటినుంచి వచ్చే పిల్లలకు ఏ వెసులుబాటు ఇస్తారో మీరు చేర్చబోయే బడినే ఇప్పుడే అడగండి. వెసులుబాటు దొరికినా, ఏడో తరగతిలో అక్షరాలు దిద్దుకోవడం ఆ వయసు పిల్లవాడికి చిన్నతనంగా ఉంటుంది. సిలికానాంధ్ర మనబడి వంటి వారాంతపు తరగతుల్లో చేర్చవచ్చు. అంతకంటే తేలికైన దారి, వాళ్ల నాన్న లేఓవర్ నుంచి (డ్యూటీ మధ్య బస చేసిన ఊరి నుంచి) రోజూ తెలుగులో నాలుగు వాక్యాలు చేత్తో రాసి ఫొటో పంపడం, అబ్బాయి దానికి తెలుగులోనే జవాబు రాయడం. నాన్న ఏ ఊళ్లో ఉన్నాడో తెలుసుకోవాలన్న ఆత్రం పాఠ్యపుస్తకం కంటే బాగా చదివిస్తుంది.

సంక్రాంతి సెలవు మీవారి చేతిలో లేదు, సీనియారిటీ చేతిలో ఉంది. ఈ మాట మీ అత్తగారికి మీరు కాక ఆయనే చెప్పాలి. కోడలు చెబితే సాకులా వినిపిస్తుంది. ఆయనకు సెలవు దొరికిన వారంలో ఊరికి వెళ్లి అరిసెలు వండించుకోండి, పెద్దావిడ కాదనరు.

ప్రశ్న: మా అబ్బాయి 200 గంటలు పూర్తిచేసి కమర్షియల్ పైలట్ లైసెన్స్ తీసుకున్నాడు. ఇక్కడ ఉద్యోగం దొరకడం లేదు. ఎనిమిది లక్షలు కడితే విదేశీ సంస్థలో పెట్టిస్తానని ఒక ఏజెంట్ అంటున్నాడు.
- ఒక తండ్రి, రాజమహేంద్రవరం

జవాబు: కట్టవద్దు. విదేశీయులను తీసుకునే సంస్థలు తమ దేశంలో దొరకని అనుభవాన్ని వెతుక్కుంటాయి. వేల గంటలు, చేతిలో ఒక జెట్ విమానం రేటింగ్ అడుగుతాయి. కెప్టెన్ కావడానికి అవసరమైన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ లైసెన్స్‌కే 1,500 గంటలు కావాలి. పేరున్న సంస్థలు దరఖాస్తులు తమ వెబ్‌సైట్‌లోనే తీసుకుంటాయి. ఆ ఎనిమిది లక్షలు టైప్ రేటింగ్ ఖర్చులో కొంత భాగానికైనా పనికొస్తాయి, దాచండి.

ప్రశ్న: మా అబ్బాయి షార్జాలో కోపైలట్. ఈసారి ఆవకాయ, ఇంట్లో కొట్టిన మసాలా పొడి, వాడికి పడే దగ్గు మందు పంపుదామనుకుంటున్నాను. ఇబ్బంది ఉంటుందా?
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: ఆవకాయకు ఇబ్బంది లేదు, మూత గట్టిగా బిగించి రెండు కవర్లు చుట్టండి. మసాలా పొడిలో గసగసాలు వేశారా అన్నదే ప్రశ్న. యూఏఈలో గసగసాలు నిషేధం. మనకు కుర్మాలోకి వేసే దినుసు అక్కడ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది. పైగా గసగసాలు తిన్నవారి మూత్ర పరీక్షలో నల్లమందు ఆనవాళ్లు కనిపించవచ్చు, పైలట్‌కు ఆ పరీక్ష ఎప్పుడైనా పెట్టవచ్చు. కొడీన్ ఉన్న దగ్గు మందులు, ట్రమడాల్ ఉన్న నొప్పి మాత్రలు కూడా అక్కడి ఆరోగ్యశాఖ ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. సీసా మీద పేర్లు మీకు అర్థం కాకపోతే మందుల షాపులో చూపించండి. పొడి మాత్రం గసగసాలు లేకుండా మళ్లీ కొట్టి పంపండి, జీడిపప్పు వేస్తే చిక్కదనం ఎటూ వస్తుంది.