కాళ్లతోనే పోరాడే మాంక్‌కి కొత్త సబ్‌క్లాస్ రాసుకోవాలా?

పాచికలు వేస్తూ పాత్రలుగా ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో కాళ్లతో మాత్రమే పోరాడే యోధురాలిగా ఆడాలని ఉంది, తన్నుకి ఎక్కువ డ్యామేజ్ వచ్చేలా సబ్‌క్లాస్ (పాత్ర తరగతిలో ఒక శాఖ) రాసుకోవాలా అని అడిగారు. అక్కర్లేదు. డ్యామేజ్ అసలే పెంచొద్దు. మాంక్‌ని (ఒట్టి చేతులతో, కాళ్లతో పోరాడే తరగతి) తీసుకుని మూడో లెవెల్‌లో దాని ఓపెన్ హ్యాండ్ సబ్‌క్లాస్ ఎంచుకోండి.

రూల్స్‌లో అన్‌ఆర్మ్‌డ్ స్ట్రైక్ అంటే గుద్దైనా, తన్నైనా, తలతో ఢీకొట్టడమైనా ఒకటే. 2014 రూల్స్‌లో మాంక్ డ్యామేజ్ పాచిక డీ4తో (నాలుగు ముఖాల పాచిక) మొదలై 17వ లెవెల్‌కి డీ10 అవుతుంది, సవరించిన 2024 రూల్స్‌లో డీ6 నుంచి డీ12 దాకా వెళ్తుంది. తన్నుకి ఇంకో మెట్టు పెద్ద పాచిక ఇచ్చేస్తే ఇక ఏ మాంకూ చెయ్యి ఎత్తడు.

ఆటలో తన్ను తన్నులా అనిపించేది అంకెలో కాదు, అవతలివాడు ఎక్కడికి వెళ్లి పడ్డాడన్న దాంట్లో. ఓపెన్ హ్యాండ్ ఇచ్చేది అదే. ఫ్లర్రీ ఆఫ్ బ్లోస్ (మాంక్ అదనంగా వేసే వరస దెబ్బలు) దెబ్బ తగిలితే, శత్రువు డెక్స్టెరిటీ సేవ్ (చురుకుతనంతో తట్టుకోవడానికి వేసే పాచిక) తప్పితే కింద పడతాడు, లేదా స్ట్రెంగ్త్ (బలం) సేవ్ తప్పితే 15 అడుగులు వెనక్కి పోతాడు. దీనికి సైజు అడ్డు లేదు. నేను డీఎంగా (డంజన్ మాస్టర్, ఆట నడిపే మనిషి) నడిపిన ఆటలో ఇలాంటి పాత్రే ఉండేది. కొండ అంచున ఇరుకు దారి, కింద తాడుకి వేలాడుతున్న సహచరుడు. ఆ తాడుని రెండు చేతులా పట్టుకుని వీపు రాతికి ఆనించి నిలబడింది ఆమె. ఎదురుగా, లోయ వైపు, ఓగర్ అనే భారీ రాక్షస జీవి. చేతులు ఖాళీగా లేకపోయినా తన్నడానికి ఏ అడ్డూ లేదు కదా, తాడు వదలకుండానే మడమతో దాని పొట్టలో తన్నింది. సేవ్ తప్పింది, ఓగర్ లోయలోకి పోయింది. ఎంత డ్యామేజ్ వచ్చిందని ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి, వరస చూసుకోండి. 2014 రూల్స్‌లో అటాక్ చేశాకే ఫ్లర్రీ, కాబట్టి శత్రువుని పడగొట్టే సరికి మీ టర్న్ దాదాపు అయిపోతుంది. 2024లో ఆ షరతు లేదు. ముందే ఫ్లర్రీతో పడగొట్టి, ఆ తర్వాత అటాక్‌లన్నీ అడ్వాంటేజ్‌తో (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) వేసుకోవచ్చు. జట్టులో విలుకాడు ఉంటే మాత్రం ముందే మాట్లాడుకోండి, పడి ఉన్నవాడి మీద దూరం నుంచి వేసే బాణానికి డిసడ్వాంటేజ్ (రెంటిలో చిన్నది తీసుకోవడం).

అయినా సొంత రూల్ ఒకటి కావాలనుకుంటే, అది అందుబాటు దూరం గురించి ఉండాలి. కాలు చేతికన్నా పొడవు, కానీ కాలెత్తిన మనిషి ఒంటికాలి మీద ఉంటుంది. అందుకని మా టేబుల్ దగ్గర ఇలా పెట్టుకున్నాం: ఫ్లర్రీలో ఒక తన్నుకి అయిదు అడుగులు ఎక్కువ దూరం అందుతుంది, అది గురి తప్పితే మాత్రం తన తర్వాతి టర్న్ లోపు ఆమె మీద పడే మొదటి అటాక్‌కి అడ్వాంటేజ్. ఆ ఒక్క తన్ను వేసే ముందు ఆమె ప్రతిసారీ ఆగి ఆలోచించేది. నాకు కావలసింది అదే.

మీ గుంపు వేరే ఆటకి ఒప్పుకుంటే పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ కూడా చూడండి. అక్కడ మాంక్ మొదటి లెవెల్‌లోనే డ్రాగన్ స్టాన్స్ (ఒక పోరాట భంగిమ) తీసుకోవచ్చు. మామూలు పిడికిలికి డీ6 అయితే ఆ కాలి దెబ్బకి డీ10, పైగా ఒకటి గురి తప్పితే అదే టర్న్‌లో దానితో వేసే తర్వాతి దెబ్బకి +1. నాలుగో లెవెల్‌లో ఫ్లయింగ్ కిక్ ఉంది, రెండు యాక్షన్లతో ఎగిరి, ఆ ఊపులోనే కొట్టడం. అక్కడ డీ10 సమంజసమే, ఎందుకంటే స్టాన్స్‌లోకి వెళ్లడానికే ఒక యాక్షన్ ఖర్చవుతుంది, కవచం వేసుకోకూడదు.