ఇంటి ముందు సంగీతం క్లాసుల బోర్డు: సిటీ నోటీసుకు ఏం చేయాలి?

ప్రశ్న: అమెరికాలో ఒక సబర్బ్‌లో ఇల్లు కొనుక్కున్నాం. మా ఆవిడ ఇంట్లోనే పిల్లలకు సంగీతం నేర్పుతుంది. ముందు గడ్డిలో, సైడ్‌వాక్ పక్కన రెండడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పున్న బోర్డు పాతాం. పది రోజుల్లో తీసేయమని సిటీ కోడ్ ఎన్‌ఫోర్స్‌మెంట్ (ఊరి రూళ్లు అమలు చేసే విభాగం) వాళ్లు నోటీసు అంటించారు. ఆ వెంటనే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఉత్తరం కూడా వచ్చింది. పక్కింటాయన నాలుగు ఎన్నికల బోర్డులు పెట్టుకున్నాడు. ఎదురింటి ముందు ‘ఫర్ సేల్’ బోర్డు ఉంది. వాళ్లకు లేని అభ్యంతరం మాకెందుకు? కోర్టుకు వెళ్లొచ్చా?

జవాబు: ముందు ఆ బోర్డు పీకి గరాజ్‌లో పెట్టండి. చాలా సిటీ కోడ్లలో గడువు దాటిన ప్రతి రోజూ ఒక కొత్త ఉల్లంఘన కింద లెక్క, కాబట్టి జరిమానా రోజురోజుకూ పెరుగుతుంది. తీసే ముందు మాత్రం టేపు పెట్టి కొలిచి ఫోటోలు తీసుకోండి. కర్బ్ (రోడ్డు పక్క గట్టు) అంచు నుంచి బోర్డు గుంజకు ఎంత దూరం, నేల నుంచి పై అంచుకు ఎంత ఎత్తు అన్నవి కావాలి. తర్వాత నోటీసులో ఏ సెక్షన్ నంబరు రాశారో చూడండి. సైజు, స్థలం, పర్మిట్ లేకపోవడం, ఇంట్లో వ్యాపారం: వీటిలో ఏది మీ తప్పంటున్నారో ఆ నంబరే చెబుతుంది. దాన్ని బట్టే మీ జవాబు.

స్థలం సంగతి. ముందు గడ్డి మీరే కోస్తున్నా, నీళ్లు మీరే పెడుతున్నా, అందులో కొంత భాగం వీధి లెక్కలోకే వస్తుంది. దాన్నే రైట్ ఆఫ్ వే అంటారు. ఇల్లు కొన్నప్పుడు వచ్చిన కాగితాల్లో సర్వే ప్లాట్ (స్థలం కొలతల పటం) ఉంటే తీసి చూడండి. ఉదాహరణకు రైట్ ఆఫ్ వే 50 అడుగులు, రోడ్డు కర్బ్ నుంచి కర్బ్‌కు 28 అడుగులు, రోడ్డు సరిగ్గా మధ్యలో ఉంది అనుకుందాం. మిగిలిన 22 అడుగుల్లో సగం, అంటే 11 అడుగులు, కర్బ్ దాటి మీ గడ్డిలోకి వస్తాయి. సైడ్‌వాక్ సాధారణంగా ఈ పట్టీలోనే ఉంటుంది. దాని పక్కనే పాతారంటే మీ బోర్డు కూడా అక్కడే ఉండి ఉండొచ్చు. అక్కడ ఏం రాసి ఉన్నా సిటీ తీయించగలదు. కరెంటు స్తంభాలు, తీగల లాంటి ప్రభుత్వ ఆస్తి మీద బోర్డులన్నిటినీ లాస్ ఏంజెలెస్ నిషేధిస్తే, సుప్రీంకోర్టు 1984లో ఆ నిషేధాన్ని సమర్థించింది. పైగా చాలా సిటీలు ప్రాపర్టీ లైన్ (మీ స్థలం సరిహద్దు) నుంచి కూడా ఇంకొన్ని అడుగులు వెనక్కి ఉండాలంటాయి. కార్నర్ ఇల్లయితే మలుపులో వచ్చే కారు కనపడేందుకు వదలాల్సిన త్రికోణం ఒకటి ఉంటుంది. అందులో సుమారు మూడడుగులకు మించి ఎత్తున్నదేదీ సాధారణంగా ఒప్పుకోరు.

ఇక పక్కింటితో పోలిక. మీ బాధ అర్థమవుతుంది. కానీ ఈ వాదనతో ఆఫీసుకు వెళితే పని జరగదు. మిస్సోరీలోని లాడ్యూ అనే ఊళ్లో మార్గరెట్ గిల్లియో గల్ఫ్ యుద్ధం వద్దంటూ ఇంటి ముందు 24 అంగుళాలు, 36 అంగుళాల బోర్డు పెట్టారు. సరిగ్గా మీ బోర్డంతే. ఊరు అడ్డుకుంటే కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1994లో న్యాయమూర్తులందరూ ఆమె పక్షానే తీర్పిచ్చారు. సొంత ఇంటి దగ్గర అభిప్రాయం చెప్పుకునే హక్కుకు అంత బలముంది, పక్కింటాయన బోర్డులకు రక్ష అదే. మీది క్లాసులకు పిలిచే వ్యాపార ప్రకటన. దానికీ రాజ్యాంగ రక్షణ ఉంది కానీ తక్కువ మోతాదులో. 1980 నాటి సెంట్రల్ హడ్సన్ తీర్పు ప్రకారం, నిజాయితీగల ప్రకటనను కట్టడి చేయాలంటే ప్రభుత్వానికి గట్టి ప్రయోజనం ఉండాలి, ఆ కట్టడి దాన్ని నేరుగా నెరవేర్చాలి, అవసరానికి మించి ఉండకూడదు. నివాస ప్రాంతం అందం, ట్రాఫిక్ భద్రత అని సిటీ చెబితే కోర్టులు చాలావరకు ఒప్పుకుంటాయి. ‘ఫర్ సేల్’ బోర్డు కూడా వ్యాపారానిదే కదా అంటారేమో. న్యూజెర్సీలోని విల్లింగ్‌బరో వాటిని పూర్తిగా నిషేధిస్తే 1977లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అందుకే ఊళ్లు వాటిని అనుమతిస్తాయి. ఇల్లు అమ్ముడవగానే తీసేసే తాత్కాలిక బోర్డులవి.

2015 నాటి రీడ్ తీర్పు గురించి ఎవరైనా మీకు చెప్పవచ్చు. అరిజోనాలోని గిల్బర్ట్ ఊళ్లో సిద్ధాంత ప్రచారం బోర్డుకు 20 చదరపు అడుగుల దాకా అనుమతి ఉండేది. చర్చి ప్రార్థనకు దారి చూపే బోర్డుకు మాత్రం ఆరు చదరపు అడుగులే, అదీ కార్యక్రమానికి 12 గంటల ముందు నుంచి అయిపోయిన గంట వరకే. బోర్డులోని విషయాన్ని బట్టి ఇలా రూలు మార్చిన ఆ కోడ్‌ను సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. మీ సిటీ కోడ్‌లోనూ రాజకీయ బోర్డులకు ఒకటి, గరాజ్ సేల్‌కు ఒకటి, మతసంస్థలకు ఇంకొకటి అని వేర్వేరు కొలతలుంటే ఆ భాగం బలహీనమే. అయినా దాని మీద ఆశ పెట్టుకోవద్దని నా సలహా. ఈ తీర్పు వ్యాపార ప్రకటనల పాత సూత్రాన్ని మార్చలేదనే కింది కోర్టులు చాలావరకు అంటున్నాయి. సైజు, ఎత్తు, స్థలం మీద అందరికీ ఒకేలా ఉండే రూళ్లు ఎలాగూ నిలుస్తాయి. చెల్లని భాగాన్ని కోర్టు కొట్టేసినా మీ బోర్డు వేరే రూలు కింద తప్పే అయితే మీకు దక్కేదేమీ ఉండదు, లాయరు ఫీజు మాత్రం మీద పడుతుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడ. ఇంట్లో క్లాసులు చెప్పడాన్ని కోడ్‌లో హోమ్ ఆక్యుపేషన్ అంటారు. దానికి వేరే సెక్షన్ ఉంటుంది: ఒకేసారి ఎంతమంది విద్యార్థులు, బయటి ఉద్యోగి ఉండొచ్చా, కార్లు ఎక్కడ ఆగాలి, ముందుగా పర్మిట్ కావాలా. సింగిల్ ఫ్యామిలీ జోన్‌లో (స్థలానికి ఒక కుటుంబం ఇల్లే ఉండే ప్రాంతంలో) చాలా కోడ్లు ఇలాంటి ఇంటికి బోర్డే వద్దంటాయి. ఒప్పుకున్నచోట కూడా ఒకటి రెండు చదరపు అడుగులది, లైటు లేకుండా, గోడకు ఆనించి పెట్టేది మాత్రమే. మీది ఆరు చదరపు అడుగులు. హోమ్ ఆక్యుపేషన్ పర్మిట్ తీసుకోకుండా బోర్డు కోసం సిటీతో గొడవకు దిగితే, క్లాసులు జరుగుతున్నాయని మీరే రాసిచ్చినట్టవుతుంది. అప్పుడు బోర్డు సమస్య కాస్తా క్లాసుల సమస్య అవుతుంది. మీ ఆవిడ పని నిలబడాలంటే ముందు ఆ సెక్షన్ చదవండి, పర్మిట్ అవసరమైతే దరఖాస్తు చేయండి. అదే దరఖాస్తులో రూలు ఒప్పుకునే కొలతకు చిన్న గోడ బోర్డు అడగండి. బోర్డు బొమ్మ, కొలతలు, ఇంటి గోడ ఫోటో జతచేస్తే ప్లానింగ్ ఆఫీసులో తిరిగి పంపే అవకాశం తక్కువ.

వేరియన్స్ అడుగుదామని అనుకోవద్దు. అది స్థలానికే ఉన్న ఇబ్బందికి ఇచ్చే మినహాయింపు, నేల ఏటవాలుగా ఉండడం, స్థలం వంకరగా ఉండడం లాంటివి. ‘బోర్డు లేకపోతే పిల్లలు రారు’ అన్నది ఆ లెక్కలోకి రాదు, కట్టిన ఫీజు సాధారణంగా తిరిగి రాదు.

హెచ్‌ఓఏ ఉత్తరం వేరే దారి. సిటీ పర్మిట్ ఇచ్చినా హెచ్‌ఓఏ ఒప్పుకోనక్కర్లేదు. అది ఇల్లు కొన్నప్పుడు మీరు ఒప్పుకున్న ఒప్పందం, రాజ్యాంగంలోని వాక్ స్వాతంత్ర్య నిబంధన కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, హెచ్‌ఓఏను కాదు. కౌంటీ రికార్డుల్లో ఉన్న సీసీ అండ్ ఆర్ (హెచ్‌ఓఏ ఒప్పంద పత్రం) తెప్పించుకుని ‘సైన్స్’ (signs, అంటే బోర్డులు), ‘బిజినెస్ యూజ్’ అన్న రెండు భాగాలూ చదవండి. కొన్ని రాష్ట్రాల చట్టాలు ఇంటివాళ్లకు కొంత రక్షణ ఇచ్చాయి కానీ మీ బోర్డుకు అవి పనికిరావు. కాలిఫోర్నియాలో తొమ్మిది చదరపు అడుగుల లోపు బోర్డులకు రక్షణ ఉన్నది వ్యాపారం కానివాటికే. టెక్సాస్‌లో ఎన్నికలకు 90 రోజుల ముందు నుంచి దొరికే రక్షణ ఎన్నికల బోర్డులకే. హెచ్‌ఓఏ ఆర్కిటెక్చరల్ కమిటీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. హెచ్‌ఓఏ పాలకవర్గ సభ్యుడు ఫోన్లో ‘పర్లేదు’ అన్న మాట తర్వాత మిమ్మల్ని కాపాడదు.

నోటీసు తప్పని మీకు నిజంగా అనిపిస్తే, ఉదాహరణకు సర్వే ప్రకారం బోర్డు మీ స్థలంలోనే ఉండి, సైజూ రూలు లోపలే ఉంటే, అప్పీలుకు వెళ్లండి. గడువు నోటీసు మీదే ఉంటుంది, అది దాటితే మంచి కేసు కూడా పోతుంది. అప్పీలు జోనింగ్ బోర్డుకా, హియరింగ్ ఆఫీసర్‌కా అన్నది కూడా అందులోనే చూడండి. బోర్డు తీసేసిన రోజే ఇన్‌స్పెక్టర్‌కు ఈమెయిలు పెట్టండి: ‘ఫలానా తేదీన తీసేశాను, ఇది తప్పు ఒప్పుకున్నట్టు కాదు, దయచేసి తనిఖీ చేసి ఫైలులో రాయండి’ అని. తర్వాత ఎప్పుడైనా గుంజ పాతే బోర్డుకు అనుమతి వస్తే, గుంత తవ్వే కొద్ది రోజుల ముందు 811కి (తవ్వే ముందు భూమిలోని లైన్ల గురించి చెప్పే నంబరు) ఫోన్ చేయండి. గ్యాసు, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళతారు.