సాయిల్ కార్డు నార్మల్, పైరు మాత్రం మాడిపోతోంది

ప్రశ్న: మాది నెల్లూరు దగ్గర పల్లె సార్. మా కయ్యల పైన కాలవ పక్కన ఒక కెమికల్ ఫ్యాక్టరీ ఉంది. వాన పడే రాత్రి చూసి నీళ్లు వదుల్తారు, తెల్లారేసరికి కాలవంతా నురగ. తూము దగ్గర కయ్యల్లో నాటిన కొన్నాళ్లకే ఆకు కొనలు ఎర్రబడి మాడిపోతున్నాయి, కింద కయ్యలు బానే ఉన్నాయి. మట్టి టెస్ట్ చేయిస్తే కార్డులో అంతా నార్మల్ అని ఇచ్చారు. జిప్సం వేస్తే విరిగిపోద్దని ఎరువుల షాపాయన అంటున్నాడు, వెయ్యమంటారా?

జవాబు: కార్డు అబద్ధం చెప్పలేదండీ, మీకు కావాల్సింది దాన్లో చూడరు, అంతే. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో ఉండేవి 12 అంశాలు: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింక్, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, పీహెచ్ (నేల పులుపో క్షారమో చెప్పేది), ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పేది), సేంద్రియ కర్బనం. సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్ లాంటి విష లోహాలు, అంటే హెవీ మెటల్స్, అందులో లేవు. ఎరువు ఎంత వెయ్యాలో చెప్పే కార్డు అది, విషం గురించి దాన్ని అడిగితే ఏం చెప్తది? ల్యాబ్‌కి వెళ్లి "హెవీ మెటల్స్ చూడండి" అని విడిగా అడగాలి, ఖర్చు ఎక్కువే, కాబట్టి శాంపిల్ సరిగ్గా తియ్యండి.

మామూలుగా పొలమంతా పది చోట్ల తీసి కలిపేస్తారు కదా, ఇక్కడ అది చెయ్యొద్దు, కలిపితే చెడ్డ మట్టి మంచి మట్టిలో పల్చబడిపోద్ది. తూము నోటి దగ్గర ఒకటి, కయ్య మధ్యలో ఒకటి, చివర ఒకటి, కాలవ నీళ్లు అసలు పారని పైచేలో ఒకటి, వేటికవి విడిగా కట్టండి. పై చెత్త తోసేసి జానెడు లోతు వరకు తియ్యండి, తుప్పు పట్టిన పారతో గానీ జింకు పూత బకెట్‌తో గానీ వద్దు, చెక్క పుల్లో ప్లాస్టిక్ గరిటో వాడండి, ఎరువుల సంచిలో అసలు వెయ్యొద్దు. తూము దగ్గర ఎక్కువ, చివరికి తక్కువ, పైచేలో ఇంకా తక్కువ అని వస్తే ఆ కాలవ నీళ్లతోనే వచ్చిందనడానికి గట్టి ఆధారం. అదే పైచేలో కూడా అంతే వస్తే అది మన నేలలోదే కావొచ్చు, ఫ్యాక్టరీ మీద పడితే కేసు నిలవదు.

జిప్సం సంగతికొస్తే, అది సోడియం ఎక్కువైన చౌడుకి మందు, క్రోమియం కాడ్మియం దాంతో పోవు. లోహాలు కుళ్లిపోయేవి కావు, ఏళ్ల తరబడి మట్టిలో ఉండిపోతాయి. వరి విషయంలో ఒక చిక్కుంది: నీళ్లు నిలిస్తే కాడ్మియం మట్టికే పట్టుకుని ఉంటది, ఆరబెడితే వదిలి గింజలోకి ఎక్కుద్ది, ఆర్సెనిక్ దీనికి సరిగ్గా రివర్స్. అందుకే ఏముందో తెలీకుండా "నీళ్లు పెట్టండి, తియ్యండి" అని నేను చెప్పను. ప్రస్తుతానికి ఆ తూము మూసేసి బోరు నీళ్లు పెట్టుకోండి, బోరు నీళ్లు కూడా టెస్ట్ చేయించాకే సుమా.

ఫిర్యాదు కాయితం మీద ఇవ్వండి, పొల్యూషన్ బోర్డు వాళ్లకి ఒకటి, కలెక్టర్‌కి ఒకటి. మీరు సీసాలో పట్టిన నీళ్లు మీకు సమాచారమే గానీ కోర్టులో అధికారి నీటి చట్టం 1974 ప్రకారం తీసిన శాంపిలే నిలబడుద్ది, కాబట్టి నురగ కనపడ్డ పొద్దున్నే ఫోన్ చేసి రప్పించాలి. 2025లో కలుషిత స్థలాల మీద కేంద్రం కొత్త రూల్స్ కూడా తెచ్చింది, అనుమానం ఉన్న స్థలాల లెక్క జిల్లా యంత్రాంగమే పంపాలి, ఆ మాట ఫిర్యాదులో రాయండి. పరిహారం కావాలంటే చెన్నైలో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ బెంచ్ ఉంది, నష్టం మొదలైన ఐదేళ్లలోపు వెళ్లాలి, ఇప్పటికే కొంత టైం పోగొట్టుకున్నారు.

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర. గ్రానైట్ స్లర్రీ, అదే రాయి కోసినప్పుడు వచ్చే బురద నీళ్లు, మా చేలోకి వస్తోంది. అది కూడా విషమేనా?

జవాబు: ఎక్కువ భాగం రాతి పిండే. కానీ అంత మెత్తటి పిండి నేల రంధ్రాలు మూసేస్తుంది, నీళ్లు ఇంకవు, ఎండితే పైన పెంకు కడతది. లోపలికి దున్నకుండా ఆరాక ఆ పెంకు గీకి బయటేయించండి.

ప్రశ్న: ఫ్యాక్టరీ గోడ పక్కన పెరట్లో గోంగూర వేశాం, కడుక్కుని తినొచ్చా?

జవాబు: ఆకు మీద దుమ్ము కడిగితే పోద్ది, వేరు నుంచి ఎక్కింది పోదమ్మా. ఆకుకూరలు కాడ్మియం బాగా లాగుతాయి. టెస్ట్ అయ్యేదాకా తొట్టిలో బయటి మట్టి పోసి వేసుకోండి, గోడ పక్కన నేల్లో ఆకుకూరల బదులు కాయకూరలు వేసినా కొంత నయం, అంతేగానీ పూర్తిగా సేఫ్ అనను.