మూట నువ్వు విప్పకు

నెల్లూరు, మూలాపేట

నాయనా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. కథ పంపుతావనుకున్నాను. నువ్వేమో రాత్రిళ్ళు ఫోన్‌లో ఆడే ఆట గురించి నాలుగు పేజీలు రాసి, చివర్లో "ఇది మానేస్తేనే నేను రచయితనవుతానా సార్?" అని అడిగావు. మానొద్దు. ఎందుకు మానొద్దో నీకు గట్టిగా చెప్పాలని కూర్చున్నాను.

ఇసకపల్లి దగ్గర మీ రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా నీది. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగకూడదు. కరెంటు పోతే పరిగెత్తి జనరేటర్ వెయ్యాలి. మిగతా వేళంతా షెడ్డులో నులకమంచం మీద కూర్చుని, డిస్కార్డ్ అనే చాటింగ్ యాప్‌లో, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర వేసుకుని వంతులవారీగా రాసే ఆటలో, నువ్వు బకింగ్‌హామ్ కాలువ మీద పడవ నడిపే సరంగువి. ఒంగోలులో చదువుకునే అమ్మాయి ఒకామె, బెంగుళూరులో ఉద్యోగం చేసే ఆయన ఒకరు, నువ్వు. ముగ్గురూ కలిసి ధాత కరువు నాటి కథ అల్లుతున్నారు. "రేత్రంతా ఎవురితోరా ఆ చాటింగు?" అని మీ నాయన అడిగితే ఏం చెప్పాలో తెలియలేదన్నావు.

కథాకాలం బాగా ఎంచుకున్నారు. 1876-78 కరువులో తిండి లేని జనానికి కూలి పనిగా తవ్వించారు ఆ కాలువలో కొంత భాగం. అప్పటి మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ పేరు 1878లో దానికి పెట్టారు. మీ పడవ ఎక్కే ప్రతివాడి వెనకా ఒక ఎండిన ఊరు ఉంటుంది.

నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఈ నాలుగు ముక్కలూ నేను పదిసార్లు చదివాను.

*గడ ఆపి లాంతరు ఎత్తాడు.* "అవ్వా, ఈ చలిలో యాడికి పోతుండావు?"

*మూట ఒళ్ళోకి లాక్కుంది. బదులు చెప్పలేదు. అవతలి గట్టు మీది మంటల్ని చూస్తా ఉండాది.*

*అవ్వ మూట విప్పింది. లోపల గుప్పెడు జొన్నలుండాయి.*

((అవ్వ నాది. మూట నువ్వు విప్పకు.))

మూడోది నువ్వు రాసింది. నాలుగోది, వేషం పక్కన పెట్టి జంట బ్రాకెట్లలో ఆ అమ్మాయి రాసింది. నీకు కోపం వచ్చింది, రెండు రోజులు ఆ గ్రూపు మొహం చూడలేదు. అవతలివాళ్ళ పాత్ర చేత మనం పని చేయించడాన్ని మీ ఆటలో గాడ్‌మోడింగ్ అంటారనీ, అది తప్పు కింద లెక్కనీ నువ్వే రాశావు. అది ఒట్టి ఆట నియమం అనుకుంటున్నావు. ఆ అమ్మాయి నీకు చెప్పింది కథ రాసే పద్ధతి నాయనా. అది నాకు తెలిసేసరికి పదిహేనేళ్ళు పట్టింది.

నా మొదటి నవల రాతప్రతి తిరిగొచ్చినప్పుడు, దానితో పాటు సంపాదకుడి ఉత్తరం కూడా వచ్చింది. మనుషులంతా మీరు అడిగిన వెంటనే మూట విప్పేస్తున్నారు అని ఆయన ఈ మాటల్లో అనలేదు గానీ, అన్నది అదే. రైతు, కరణం, పాలమ్మే ముసలామె అందరూ నాలాగే మాట్లాడారు, నేను తోసిన చోటికల్లా వెళ్ళారు. ఎదురు తిరిగినవాడు ఒక్కడు లేడు. అలాంటివాణ్ణి రాయాలంటే ఎలా రాయాలో నాకు తెలియదు, ఎందుకంటే రాసేటప్పుడు గదిలో నేను ఒక్కణ్ణే. నీ పడవలో ముగ్గురున్నారు.

ఆ తేడా నాకు ముందే ఒకసారి తగిలింది, అప్పట్లో గుర్తించలేదు. ఆత్మకూరు దగ్గర ఒక ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో రాయబారం ఆడాం. నేను సహదేవుణ్ణి. నా మాటలు నాలుగు, అవి అయిపోయాయి. ధర్మరాజు వేసినాయనకు పద్యం జారిపోయింది. హార్మోనియం ఆయన ఒకే స్వరం మీద సాగదీస్తున్నాడు. ధర్మరాజు మెల్లగా నావైపు తిరిగి, "తమ్ముడా సహదేవా, నీ మనసులో ఏముంది?" అన్నాడు. పుస్తకంలో లేదు ఆ ప్రశ్న. నా నోటి నుంచి ఏదో వచ్చింది: "అన్నయ్యా, నన్ను అడిగినవారు ఇంతవరకూ ఎవరూ లేరు." పందిరి నిశ్శబ్దమైంది. ఆ మాట నేను రాసి పెట్టుకున్నది కాదు. ఆయన అడిగాడు కాబట్టి పుట్టింది.

మీ ఆటలో ఉన్న ఆనందం నా లెక్కలో ఇదే. అవతల ఎవరో టైప్ చేస్తున్నట్టు ఆ మూడు చుక్కలు కదులుతుంటే నీ గుండె కొట్టుకుంటుందని రాశావు చూడు, ఆ చోటే. పత్రికకు కథ పంపినవాడు నెలల తరబడి ఎదురుచూస్తాడు, జవాబు రాకపోవచ్చు. నీ వాక్యం కోసం ఒక మనిషి ఇప్పుడే, ఈ నిమిషమే కాచుకుని ఉంది. దాన్ని చదివి, తన వాక్యంతో నీ కథను నువ్వు ఊహించని దారి పట్టిస్తుంది. ఆ సుఖం ముందు తెరమీద బొమ్మలు కదిలే ఆటలు నాకు చిన్నగా కనిపిస్తాయి.

ఇలాంటి ఆటలు పుట్టినప్పుడు వాటిలో బొమ్మల్లేవు కూడా. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టల్ అనే ఇద్దరు విద్యార్థులు మడ్ అనే ఆట రాశారు. చాలామంది ఒకే లోకంలో తిరుగుతారు, ఆ లోకమంతా అక్షరాలే. తర్వాత బార్టల్ 1996లో ఒక వ్యాసంలో ఆడేవాళ్ళను పేకముక్కల గుర్తులతో నాలుగు రకాలు చేశాడు. గెలుపు కూడబెట్టేవాళ్ళు డైమన్లు, మూలమూలా తవ్విచూసేవాళ్ళు ఇస్పేట్లు, మనుషుల కోసం వచ్చేవాళ్ళు ఆఠీన్లు, ఎదుటివాణ్ణి పడగొట్టేవాళ్ళు కళావర్లు. నువ్వు ఆఠీనువి. నీ ఉత్తరంలో గెలుపన్న మాటే లేదు.

వేషం సంగతీ చెప్పాలి. మన నెల్లూరి తిక్కనగారు భారతాన్ని అందుకున్నదే విరాటపర్వం నుంచి. అందులో ఏడాది పాటు అందరూ వేషాల్లోనే. ఎవరు ఏం ఎంచుకున్నారో చూడు. పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్న ధర్మరాజు మళ్ళీ పాచికలు పట్టే కంకుభట్టయ్యాడు. తిండి ప్రీతి గల భీముడు వంటింట్లో చేరాడు. దాక్కోవడానికి వేసుకున్న వేషమే లోపలున్నదాన్ని చూపెట్టింది. ఇంట్లో రెండు మాటలకు మించి మాట్లాడనని రాశావు. నీ సరంగు మాత్రం ముక్కూమొహం తెలియని అవ్వను కూడా పలకరిస్తాడు. ఆ సరంగు ఎక్కణ్ణించో రాలేదు, నీలోంచే వచ్చాడు. అతణ్ణి పోగొట్టుకోకు.

ఇక అద్దంకి వైపు చూడు. నన్నయగారి అరణ్యపర్వం నాలుగో ఆశ్వాసంలో శరత్కాలపు రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయింది. సుమారు 300 ఏళ్ళ తర్వాత, అద్దంకిని ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రనగారు ఆ మిగతాది పూరించారు. ఆయన ఎత్తుకున్న మొదటి పద్యం దేని మీదో తెలుసా? అదే శరత్కాలం, కానీ ఉదయాల మీద. ముందాయన రాత్రి దగ్గర వదిలిపెడితే ఈయన తెల్లవార్చారు. తన రాజుకు కాక, నన్నయగారి రాజరాజ నరేంద్రుడికే దాన్ని అంకితం చేశారు. అవతలి మనిషి రాసినదాన్ని ఎంత ఓపికగా చదివితే అలాంటి జవాబు వస్తుంది! తన గొంతు వినిపించాలన్న ఆత్రం ఉన్నవాడికి అది చేతకాదు. నీ పడవలో వంతు నీకొచ్చినప్పుడల్లా ఆ రాత్రినీ, ఆ ఉదయాన్నీ గుర్తు చేసుకో.

అయితే ఈ ఆట నీకు ఇవ్వనివి కొన్ని ఉన్నాయి. రాసిన వాక్యం వెంటనే కదిలిపోతుంది, వెనక్కి వెళ్ళి పదిసార్లు దిద్దే తీరిక ఉండదు. ముగింపు కూడా రాదు, ముగించాలని మీలో ఎవరికీ ఉండదు కాబట్టి. అందుకని పగలు ఒక గంట ఫోన్ పక్కన పెట్టి నోటుపుస్తకం తియ్యి. సరంగు ఆ పడవ ఎక్కకముందు రోజు ఇంట్లో ఏం జరిగిందో రాయి. అక్కడ నీకు జవాబిచ్చేవాళ్ళు ఉండరు. సరంగు పెళ్ళాం మాట్లాడేటప్పుడు ఆమె నీది కాదనుకో, ఒంగోలు అమ్మాయి ఎక్కడో కూర్చుని ఆమెను ఆడిస్తోందనుకో. నేను ఇప్పటికీ అలాగే రాస్తాను.

అవ్వను నీ కథలోకి తెచ్చుకోవాలనిపిస్తే ముందు ఆ అమ్మాయిని అడుగు. ఒప్పుకుంటే ఆమె పేరు నీ పేరు పక్కన వెయ్యి, ఒప్పుకోకపోతే అవ్వ లేకుండా రాయి. తెలియనివాళ్ళు గ్రూపులోకి వచ్చి ఇల్లూ ఊరూ ఆరా తీస్తే చెప్పకు. సరంగుకు జరిగిన అవమానం తెల్లారి కూడా నిన్ను తొలుస్తుంటే ఆ రాత్రికి ఆట ఆపి గుంట చుట్టూ ఒకసారి నడిచిరా.

మీ నాయనకు నేను చెబుతాను. రొయ్యల పట్టుబడి అయ్యాక ఇద్దరూ నెల్లూరు రండి. ఈలోగా ఆ గ్రూపులోకి వెళ్ళి, జంట బ్రాకెట్లలో ఆమెకు క్షమాపణ చెప్పు. తర్వాత సరంగు చేత గడ మళ్ళీ వేయించు, మూట వైపు చూడకుండా. అవ్వ ఎప్పటికైనా విప్పితే, ఆ అమ్మాయి రాసింది రాసినట్టు నాకు పంపు. అందులో ఏముందో తెలుసుకోవాలని నాకూ ఉంది.

ఆశీస్సులతో,
మీ మాస్టారు