సభకు తాళం పడనివ్వకు: కొత్త ఎమ్మెల్యే అయిన మేనకోడలికి

చి.సౌ. అమ్మాయికి మీ మామయ్య ఆశీస్సులు.

మళ్లీ కరోనాలాంటిది వస్తే ఎమ్మెల్యేగా నేనేం చేయాలి మామయ్యా అని మొన్న ఫోన్లో అడిగావు. సిలిండర్లు సర్దడం, కూరగాయలు పంచడం నువ్వే చెప్పుకొచ్చావు. అవీ చెయ్యి, కాదనను. కానీ వాటికి మీ కార్యకర్తలు చాలు. నీ నియోజకవర్గంలో నువ్వు తప్ప ఇంకెవరూ చేయలేని పని సభలో ఉంది. శాసనసభ సచివాలయంలో, మొదట హైదరాబాదులో, తర్వాత వెలగపూడిలో పనిచేసి రిటైరైనవాణ్ని గనక దాని గురించే రాస్తాను.

ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్ర జాబితాలో ఉన్నాయి. కాగితం మీద అది మీ సభ సొత్తు. 2020 మార్చిలో జరిగింది వేరు. బొంబాయి ప్లేగు కోసం తెల్లవాళ్లు 1897లో చేసిన అంటువ్యాధుల చట్టం దుమ్ము దులిపి, దాని కింద రెండు తెలుగు రాష్ట్రాలూ నిబంధనలు జారీ చేశాయి. ఆ నిబంధనలను సభ ముందు పెట్టాలన్న మాట ఆ చట్టంలో లేదు. లాక్‌డౌనేమో 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఢిల్లీ నుంచి వచ్చింది. జీవో వస్తుంది, కలెక్టరు అమలు చేస్తాడు, ఎమ్మెల్యే మర్నాడు పేపర్లో చదువుకుంటాడు. ఆ వేగాన్ని నేను తప్పుపట్టను. ప్రతి కంటైన్‌మెంట్ జోనుకూ ఓటింగు పెట్టలేం కదా. కాకపోతే అలా తీసుకున్న అధికారానికి లెక్క అడిగే చోటు ఒకటి తెరిచి ఉండాలి. ఆ రోజుల్లో ముందుగా మూతపడింది అదే.

ఆర్డినెన్సుల సంగతి, అంటే సభ కూర్చోనప్పుడు గవర్నరు జారీ చేసే తాత్కాలిక చట్టాల సంగతి, బాగా చదువుకో, అసలు కథంతా అక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చిలో బడ్జెట్ సమావేశాలు జరగలేదు. పూర్తి బడ్జెట్ వచ్చేదాకా ఖర్చులకు సభ ఓటు వేసి ఇవ్వాల్సిన అనుమతిని, అంటే ఓటాన్ అకౌంటును, మూడు నెలలకు ఆర్డినెన్సుతో కానిచ్చారు. జూన్ 16, 17 తేదీల్లో, రెండే రోజుల్లో బడ్జెట్ పెట్టి ముగించారు. శాసనమండలిలో గొడవ జరిగి, ఖజానా నుంచి డబ్బు తీయడానికి అనుమతిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు ఆగిపోయింది. పద్నాలుగు రోజులు గడిస్తే ఆమోదం పొందినట్టే అన్న నియమం కోసం ఎదురుచూడాల్సి వచ్చి, ఉద్యోగుల జీతాలు ఆలస్యమయ్యాయి. 2021లోనూ మార్చిలో ఆర్డినెన్సే. మే 20న ఒక్కరోజు సభ, ఒక్కరోజులో బడ్జెట్. ప్రధాన ప్రతిపక్షం దాన్ని బహిష్కరించింది. అంతకు పది రోజుల ముందే, మే 10 రాత్రి, తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ ట్యాంకరు రావడం ఆలస్యమై పదకొండు మంది చనిపోయారని ప్రభుత్వమే చెప్పింది. ఆ ట్యాంకరు గురించి తీరిగ్గా నాలుగు అనుబంధ ప్రశ్నలు వేయడానికి ఒక్కరోజు సభలో చోటెక్కడిది? 2020 జూన్‌లో గవర్నరు రాజ్‌భవన్ నుంచి వీడియోలో ప్రసంగించారు. మాట్లాడటానికి పనికొచ్చిన వీడియో అడగటానికి ఎందుకు పనికిరాదని ఎవరైనా అప్పుడే లేచి అనాల్సింది.

తెలంగాణలో జీతాలు, పెన్షన్లు కోసినప్పుడు ఏ చట్టం కింద అని హైకోర్టు అడిగింది. ఆ తర్వాతే 2020 జూన్‌లో ఆర్డినెన్సు వచ్చింది, సెప్టెంబరులో సభ దాన్ని చట్టం చేసింది. ఇటు ఆంధ్రాలో వాయిదా వేసిన జీతాలను ఆరు శాతం వడ్డీతో చెల్లించమని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రా అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో ఆపినప్పుడు, 2021 మేలో, అడ్డుపడిందీ హైకోర్టే. సభ అడగాల్సినవన్నీ కోర్టు అడిగింది. కోర్టు అడిగితే జవాబు న్యాయవాదికి వెళ్తుంది. నువ్వు అడిగితే సభ రికార్డులోకి ఎక్కుతుంది, నీ ఓటరు చదువుకోవచ్చు.

కాబట్టి ఆర్డినెన్సు రాగానే తేదీ రాసిపెట్టుకో. సభ తిరిగి కూర్చున్నాక ఆరు వారాలే దాని ఆయుష్షు. ఈలోపు దాన్ని తిరస్కరిస్తూ తీర్మానం పెట్టే దారీ రాజ్యాంగంలో ఉంది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదన్న 174వ అధికరణం ఉంది కదా అని ధీమాగా ఉండకు. అది ప్రభుత్వాలకు ఆర్నెల్ల సెలవు చీటీలా పనికొస్తోంది. సభ పిలవమని స్పీకరుకూ ముఖ్యమంత్రికీ లేఖ రాయి, దాని నకలు దాచుకో.

నువ్వు అధికార పక్షంలో ఉన్నావు గనక ప్రశ్న వేస్తే పెద్దవాళ్లకు కోపమొస్తుందని భయపడుతున్నావు. విప్ ఓటుకే తగులుతుంది, ప్రశ్నకు తగలదు. పార్టీ ఫిరాయింపుల గురించిన రాజ్యాంగం పదో షెడ్యూలు మరోసారి చదువు. పైగా సొంత పార్టీ సభ్యురాలు అడిగిన ప్రశ్నను రాజకీయమని కొట్టేయలేరు, అధికారులు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబు తయారుచేస్తారు.

ప్రశ్న రాసే తీరు ముఖ్యం. “ఆక్సిజన్ కొరత ఉన్న మాట వాస్తవమేనా” అని అడిగితే “కాదండీ” అని వస్తుంది, దాని కింద “ప్రశ్న ఉత్పన్నం కాదు” అని ముగుస్తుంది. నా సర్వీసులో ఆ రెండు వాక్యాలు టైపు కొట్టించినన్నిసార్లు నా పేరు కూడా కొట్టించి ఉండను. అలా వద్దు. జిల్లా ఆస్పత్రిలో ఫలానా నెలలో రోజుకు ఎన్ని కిలోలీటర్లు కావాల్సి వచ్చింది, ఎన్ని వచ్చాయి, సరఫరా ఒప్పందం ఎవరితో, ఏ తేదీన అని అడుగు. మరణాల దగ్గర మరీ జాగ్రత్త. తెలంగాణ లెక్కలో కరోనా మరణాలు నాలుగు వేల చిల్లర దాటలేదు. యాభై వేల రూపాయల పరిహారం ప్రకటించాక వచ్చిన దరఖాస్తులు దానికి ఎన్నో రెట్లు. పరిహారం జాప్యంపై ఆంధ్రా ప్రధాన కార్యదర్శిని సుప్రీంకోర్టు పిలిచింది. నీ నియోజకవర్గంలో మునిసిపాలిటీ, పంచాయతీల మరణ నమోదు అంకెలను జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) బులెటిన్ అంకెల పక్కన పెట్టు. తేడా కనిపిస్తే అదే నీ ప్రశ్న.

సభ కూర్చోకపోయినా సభ్యులతో వేసిన సంఘాలు (కమిటీలు) కూర్చోవచ్చు. పార్లమెంటు ఆరోగ్య సంఘం 2020 నవంబరులోనే ప్రైవేటు ఆస్పత్రుల దోపిడీ గురించీ ఆక్సిజన్ ఉత్పత్తి పెంచాల్సిన అవసరం గురించీ నివేదిక ఇచ్చింది. రెండో వేవ్ ఆ తర్వాతే వచ్చింది. వినలేదన్నది వేరే సంగతి, కాగితం మాత్రం ఉంది. నీకు ప్రభుత్వ ఖర్చుల లెక్కలు చూసే ప్రజా పద్దుల సంఘంలో చోటు ఇస్తామంటే ఎగిరి గంతేసి తీసుకో. పత్రికల్లో ఫోటో రాదు, కానీ మాస్కులు, కిట్లు ఎంతకు కొన్నారో కనిపించేది అక్కడే.

స్కాట్లండ్ పార్లమెంటు 2020 ఏప్రిల్ 1న కరోనా చట్టాన్ని ఒక్కరోజులోనే ఆమోదించింది. తొందర వాళ్లకూ ఉంది. అయినా ఆ అధికారాలు సెప్టెంబరు 30తో ముగిసేలా, పొడిగించాలంటే మళ్లీ పార్లమెంటుకే రావాలనీ, మంత్రులు రెండు నెలలకోసారి నివేదిక ఇవ్వాలనీ అందులోనే రాసుకుంది. మనకు అడ్డేమిటి? కోస్తా జిల్లాలు మద్రాసులో ఉన్నప్పుడు 1939లో ఆ ప్రాంత శాసనసభ సొంతంగా ప్రజారోగ్య చట్టం చేసుకుంది. రెండు రాష్ట్రాలకూ కొత్తది కావాలి. మంత్రి కాని సభ్యులు పెట్టే ప్రైవేటు బిల్లుగా నువ్వు పెట్టు, ఓడిపోతుంది, ఫరవాలేదు. చర్చ రికార్డులో ఉంటుంది, రేపు ప్రభుత్వం ముసాయిదా రాసేటప్పుడు దాన్నే ముందేసుకుంటుంది.

ఇక ఈ సమావేశాల్లోనే చేయాల్సింది ఒకటుంది. విపత్తు నిర్వహణ చట్టం 70వ సెక్షను ప్రకారం రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ ఏటా నివేదిక తయారుచేయాలి, ప్రభుత్వం దాన్ని సభ ముందుంచాలి. 2020 నుంచి ఏ ఏడాది నివేదిక ఏ తేదీన సభ ముందుకు వచ్చిందో చెప్పమని మంత్రి సభలో నోటితో జవాబివ్వాల్సిన నక్షత్ర గుర్తు ప్రశ్న ఇవ్వు. నోటీసు గడువు చూసుకో, సభ తేదీలు ప్రకటించిన రోజే పంపేస్తే మంచిది. జవాబు వచ్చాక నాకో నకలు పెట్టు.

అత్తయ్య నిన్ను పండక్కి రమ్మంటోంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య